అణుధూళికి కాపుదల

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల సీమవారికి రాయి క్రొత్త వస్తువు కాదు. ఎఱ్ఱగుంట్ల దారిన పోవువారికి నాపరాతి గనులును, సిమెంటు కార్ఖానాల పొగగొట్టములును కనబడును. పులివెందుల ప్రాంతమున ముగ్గురాయిని, రాతినారను త్రవ్వి తీసిన కాలము కలదు. రాయి కొట్టిన చోట ధూళి లేచుననియు, ఆ ధూళి ఊపిరితిత్తులకు మంచిది కాదనియు ఇచ్చటి కూలివానికి ఒకరు చెప్ప నక్కఱలేదు. కాని పులివెందులకు చేరువను, వేముల మండలములోని తుమ్మలపల్లెలో త్రవ్వుచున్న రాతి ధూళి వేఱు జాతిది. అది కంటిలో పడినప్పుడే కాక, ఏమియు తోచనప్పుడు కూడ పని చేయుచుండును. దాని వెలుగు కంటికి కానరాదు. దాని వేడి చేతికి తెలియదు. దానికి వాసన లేదు, రుచి లేదు. అట్టి ధూళికి కాపుదల యేర్పరచుట యెట్లు? ఎవరు కొలువవలెను? ఎవరు లెక్క వ్రాయవలెను? తీసివేసిన మలినమును ఎచ్చట నుంచవలెను? ఈ వ్యాసమున విచారింపదలచిన ప్రశ్న లివి.

ఇట్టి పనిని మిక్కిలి పెద్ద యెత్తున తలపెట్టిన చోటు పసిఫిక్ మహాసముద్రములో నొకటి కలదు. ఆ ద్వీపముల కథ తెలిసికొన్నచో మన పొరుగుననున్న తుమ్మలపల్లె సంగతి స్పష్టముగా బోధపడగలదు. అంతకు ముందు వికిరణ మన నేమో రెండు మాటలలో చెప్పుకొందము.

రేడియో తరంగము, అణుకిరణము

ఇంట రేడియో పెట్టె గలవారికి వికిరణముతో నిత్యసంబంధ మున్నది. ప్రసార కేంద్రపు స్తంభము నుండి వెలువడి మీ పెట్టెను చేరు తరంగము కూడ ఒక విధమైన వికిరణమే. దానికి భయపడ నక్కఱలేదు. దాని శక్తి స్వల్పము. పరమాణువులోని ఎలక్ట్రానును అది ఊడబెఱుక జాలదు. యురేనియము, రేడియము, ప్లుటోనియము వంటి మూలకముల నుండి వెలువడు కిరణము లట్లు కాదు. అవి తగిలిన చోట ఎలక్ట్రానులను చెదరగొట్టును. ఆ దెబ్బ శరీర కణములోని వంశసూత్రమునకు తగిలినచో, కణము చచ్చుటయో, దారి తప్పి పెరుగుటయో సంభవించును. దారి తప్పిన పెరుగుదల కొన్ని యేండ్లకు పుట్టకురుపు కావచ్చును.

ఈ కిరణములు ముఖ్యముగా మూడు తెఱగులు. ఆల్ఫా కిరణమును ఒక కాగితమైనను ఆపగలదు. బీటా కిరణమునకు పలుచని రేకు చాలును. గామా కిరణమునకు సీసపు దిమ్మెయో, మందపు గోడయో కావలెను. ఆల్ఫాను కాగిత మాపునుగదా యని దానిని తేలికగా చూడరాదు. దాని నిచ్చు ధూళి ఊపిరితో లోపలికి పోయినచో, అడ్డుకొనుటకు కాగితము లేదు, చర్మమును లేదు. మెత్తని కణజాలమును ఆనుకొనియే అది పని చేయును. కావుననే ఈ వ్యవహారమున బయటి కిరణముకంటె లోపలికి పోవు ధూళియు, నీరును అధికమైన జాగ్రత్తకు తగినవి.

ఎనివెటాక్ కథ

మార్షల్ దీవులలో ఎనివెటాక్ అను పగడపు దీవుల వలయ మున్నది. నడుమ ఉప్పునీటి మడుగు, చుట్టును దండలో పూసలవలె సుమారు 40 చిన్న దీవులు. 1947 డిసెంబరులో అమెరికా ప్రభుత్వము అచ్చటివారిని ఉజెలాంగ్ అను వేఱొక దీవికి తరలించెను. 1948 మొదలు 1958 వఱకు ఎనివెటాక్‌లో 43 అణుపరీక్షలు జరిగెను. 1952 నవంబరు 1వ తేదీన జరిగిన హైడ్రోజను పేలుడుతో ఎలుగెలాబ్ అను దీవి యానవాలు లేకుండ పోయెను. 1958లో రునిట్ దీవిపై జరిగిన యొక పరీక్ష సరిగా పేలక విఫలమయ్యెను. విఫలమైన దానివలన మేలు కలుగలేదు; పేలని ప్లుటోనియ మంతయు పొడియై దీవి మట్టిలో కలిసిపోయెను. ప్లుటోనియము సగమగుటకు 24,000 సంవత్సరములకు పైగా పట్టును.

స్వస్థలమునకు పోవలెనని దీవివారు పట్టుబట్టగా, 1977లో శుద్ధికార్య మారంభమై 1980లో ముగిసెను. సుమారు 4,000 మంది సైనికులు వంతులవారీగా అచ్చట పని చేసిరి. త్రవ్వు యంత్రములు, పడవలు, సిమెంటు సైన్యపు బాధ్యత. ఏ దీవిలో ఏ మూల యెంత మలిన మున్నదో కొలిచి చెప్పు సాంకేతిక సహాయము ఇంధన శాఖవారి బాధ్యత. పనివారి వెంట తిరుగుచు, ఎవరెచ్చటికి పోవచ్చునో, యెప్పుడు తిరిగి రావలెనో చెప్పుటకు ప్రత్యేకముగా వికిరణ రక్షక దళ ముండెను. త్రవ్వువా డొకడు, కొలుచువాడు మఱియొకడు: ఈ విభజనమే అట్టి యేర్పాటునకు మొదటి సూత్రము. త్రవ్వువానికి పని త్వరగా ముగియవలెనను కోరిక యుండుట సహజము. అతని చేతికే కొలబద్ద నిచ్చుట న్యాయము కాదు.

కొలుచుట సులభమైన పని కాదు. ప్లుటోనియ మిచ్చు ఆల్ఫా కిరణము మట్టిని దాటి రాదు. పైన నిలిచిన యంత్రమునకు అది తెలియదు. అయితే ప్లుటోనియముతోపాటు అమెరీషియ మను మూలకము కలిసి యుండును. అది యొక బలహీనమైన గామా కిరణమును వెలువరించును. బండికి పొడవైన చేయి కట్టి, దాని కొనను జెర్మేనియపు కొలత పరికరమును వ్రేలాడదీసి, అమెరీషియము జాడ పట్టి, దాని ననుసరించి ప్లుటోనియమును లెక్క కట్టిరి. పొదలలో మేయు ఆవు కానరానప్పుడు మెడలోని గంట చప్పుడును బట్టి అది యున్న చోటు చెప్పుదుము కదా, ఇదియు నట్టిదే. మట్టి నమూనాలను ప్రయోగశాలలో పరీక్షించి, ఆవునకును గంటకును గల నిష్పత్తి సరిగా నున్నదో లేదో చూచుచుండిరి.

కొలిచిన పిమ్మట గీత గీయవలెను. గ్రాము మట్టిలో 400 పికోక్యూరీలకు మించి ప్లుటోనియ మున్నచో ఆ మట్టిని తీసివేయవలెననియు, 40కి లోబడినచో ముట్ట నక్కఱలేదనియు, నడిమి దానిని ఆ దీవి వాడుకను బట్టి నిర్ణయింపవలెననియు నిశ్చయించిరి. ఇండ్లు కట్టుకొను దీవికి ఒక నియమము, కొబ్బరి పెంచు దీవికి ఒకటి, వేటకు మాత్రము పోవు దీవికి మఱియొకటి. ఈ గీత లేనిచో శుద్ధికి అంతు లేదు. మట్టి యంతయు తీసినను ఇంకను కొంత మిగులును.

తీసిన మట్టి నేమి చేసిరి? రునిట్ దీవిలో 1958 నాటి పేలుడువలన నేర్పడిన మూడువందల అడుగులకు మించిన వెడల్పు గల గుంట యుండెను. సుమారు 73,000 ఘనమీటర్ల మట్టిని, తుక్కును సిమెంటుతో కలిపి అందు నింపి, పైన 18 అంగుళముల మందపు కాంక్రీటు పలకలతో గుమ్మటము కట్టిరి. కాని గుంట యడుగున ఏ పొరయు వేయలేదు. పగడపు రాయి చిల్లులమయము. సముద్రపు పోటునకు లోపలి నీరు పైకి లేచును, పాటునకు దిగును. గుమ్మటములోని దానికంటె మడుగు అడుగు బురదలోనే ఎక్కువ మలినము మిగిలి యున్నదని పిమ్మటి పరిశీలకులు చెప్పిరి. రునిట్‌లో ఎవరును కాపుర ముండరాదు.

1980లో ప్రజలు దక్షిణపు దీవులకు తిరిగి వచ్చిరి. ఉత్తరమున నున్న ఎంజెబీ దీవివారికి మాత్రము స్వస్థలమున కాపురము దొరకలేదు. అచ్చటి మట్టిలోని సీజియము కొబ్బరికాయలోని కెక్కుచున్నది. సీజియము పొటాషియమునకు తోబుట్టువు వంటిది. నేలలో పొటాషియము చాలనప్పుడు చెట్టు భ్రమపడి సీజియమును పీల్చును. మార్షల్ దీవులలో పొటాషియపు ఎరువు వేసి చూడగా కాయలలో సీజియము చాలవఱకు తగ్గినది. మట్టి నెత్తిపోయుటకంటె ఎరువు వేయుట కొన్నియెడల మేలని దీనివలన తెలియుచున్నది.

మఱి పనివారి మాట? ఎండకు తాళలేక పొట్టి లాగులతో, ముక్కునకు గుడ్డయైనను లేక పనిచేసితిమని పలువురు పిమ్మట చెప్పుకొనిరి. వారి చొక్కాలకు తగిలించిన కొలత బిళ్ళలలో ఫిల్ము తేమకును వేడికిని చెడిపోవుచుండెను. చెడిన బిళ్ళకు లెక్క లేదు. లెక్క లేనివానికి రోగము వచ్చినప్పుడు సాక్ష్యము లేదు. నలువది యేండ్లకు పైగా పోరాడిన పిమ్మట, 2022లో చేసిన చట్టముచే అమెరికా ప్రభుత్వము ఎనివెటాక్ శుద్ధికార్మికులను వికిరణమునకు లోనైన మాజీ సైనికులుగా గుర్తించినది. అప్పటికి చాలమంది గతించి యుండిరి. కొలత పుస్తకము చెడినచో మనుష్యుని జీవితకాలము న్యాయమునకు చాలదని ఈ కథ చెప్పుచున్నది.

తుమ్మలపల్లె సంగతి

ఇక మన సీమకు వత్తము. తుమ్మలపల్లెలో అణుబాంబు పేలలేదు, ప్లుటోనియమును లేదు. ఇది యురేనియపు గని. కడప శిలావర్గములోని వేంపల్లె పొరలలో, డోలమైటు సున్నపురాతియందు, యురేనియము సన్నగా వ్యాపించి యున్నది. 2007లో ఇచ్చటి గనికిని కార్ఖానాకును శంకుస్థాపన జరిగెను. 2012లో పని ఆరంభమయ్యెను. దీనిని నడుపునది 1967లో స్థాపితమైన భారత యురేనియం కార్పొరేషను. కార్ఖానాను దినమునకు 3,000 టన్నుల రాతిని నలుగగొట్టునట్లు నిర్మించిరి. వేయి కిలోల రాతిలో యురేనియము అరకిలోకు లోపే యుండును. అనగా గని నుండి పైకి వచ్చిన రాతిలో ఇంచుమించుగా అంతయు మెత్తని పొడియై, బురదయై మిగిలిపోవును.

జార్ఖండ్‌లోని జాదూగూడలో రాతి నుండి యురేనియమును తీయుటకు గంధకామ్లమును వాడుదురు. ఇచ్చటిది సున్నపురాయి, ఆమ్లము పోసినచో అంతయు సున్నమే త్రాగివేయును. కావున ఇచ్చట చాకలిసోడా, వంటసోడా కలిపిన ద్రావకములో, వేడితోను ఒత్తిడితోను యురేనియమును కరిగించు పద్ధతి యవలంబించిరి. మిగిలిన బురదను గొట్టముల ద్వారా కొట్టాల గ్రామ సమీపమున కట్టిన వ్యర్థముల చెఱువునకు పంపుదురు. టైలింగ్ పాండు అని ఆ సీమవారు దానినే పిలుతురు.

యురేనియమును తీసివేసితిమి కదా, ఆ బురదలో మఱి యేమున్న దని కొందరడుగవచ్చును. యురేనియము కోట్ల సంవత్సరములుగా క్షీణించుచు పిల్లలను కనుచున్నది: థోరియము, రేడియము, రాడాను మొదలుగా గలవి. తల్లిని తీసికొనిపోయినను పిల్లలు బురదలోనే యుండిపోవును. మూలశిలలోని వికిరణములో సుమారు 85 వంతులు వ్యర్థములోనే నిలుచును. రేడియము సగమగుటకు 1,600 సంవత్సరములు పట్టును. దానినుండి పుట్టు రాడాను గాలి వంటిది. నాలుగు దినములకు లోపే సగమై, తన సంతతిని గాలిలోని ధూళికి అంటించును. మూసియున్న గనిలో ఆ ధూళిని పీల్చిన వారికి ఊపిరితిత్తుల పుట్టకురుపు వచ్చుట అనుభవములో తేలిన విషయము. అమెరికాలో నవాహో జాతి గనికార్మికులు దానిచే మిక్కిలి నష్టపడగా, 1990లో అచ్చట పరిహార చట్టము చేసిరి.

కావుననే గనిలో గాలి నిరంతరము ఆడవలెను. బండను తడిపి తొలువవలెను. ప్రతి కార్మికుని రొమ్మున కొలత బిళ్ళ యుండవలెను. మన దేశమున 1983లో ఏర్పడిన అణుశక్తి నియంత్రణ మండలి నియమము ప్రకారము, ఇట్టి పనిలోనివానికి అయిదేండ్ల సగటున సంవత్సరమునకు 20 మిల్లీసీవర్టులకు మించి వికిరణము తగులరాదు. ఏ యొక్క సంవత్సరమునను 30 దాటరాదు. గనికి వెలుపల కాపుర ముండు ప్రజలకు, సహజముగా నేల నుండియు ఆకాశము నుండియు వచ్చునది కాక, సంవత్సరమునకు 1 మిల్లీసీవర్టు మాత్రమే హద్దు. కార్మికుని హద్దు వేఱు, ఆతని యింట పసిబిడ్డ హద్దు వేఱు. అందుచేతనే పనిబట్టలతో ఇంటికి పోరాదు.

వివాదము, దాని విలువ

2018లో కొట్టాల, మబ్బుచింతలపల్లె మొదలగు గ్రామముల రైతులు తమ బోర్ల నీరు చెడినదనియు, అరటితోటలు ఎండుచున్నవనియు, చర్మవ్యాధులు వచ్చుచున్నవనియు మొఱపెట్టిరి. ఆంధ్రప్రదేశ్ కాలుష్య నియంత్రణ మండలి సంస్థకు సంజాయిషీ నోటీసు నిచ్చినది. చెఱువు అడుగున నీరు దిగకుండ ఏ పొర వేయవలసి యుండెను, ఏ పొర వేసిరి అనునది వివాదములో ప్రధానాంశము. తమ చెఱువే కారణమను ఆరోపణను సంస్థ అంగీకరింపలేదు.

రునిట్ గుంటలోను, కొట్టాల చెఱువులోను ప్రశ్న యొక్కటే: అడుగున ఏమున్నది? పైకప్పు ఎంత గట్టిదైనను నీరు క్రిందినుండియే దారి వెదకుకొనును. పులివెందుల సీమలో వర్షము తక్కువ. చీనీకిని, అరటికిని, వేరుశనగకును, త్రాగుటకును కూడ బోరునీరే దిక్కు. వందలాది యడుగులు దింపిన బోరు తెచ్చు నీటికి మారు నీరు లేని చోట, ఆ నీటిమీది అనుమానమే సగము నష్టము. అనుమానము పుట్టిన తోటకు కాపు బేరము తగ్గును; ఆ యూరికి పిల్ల నిచ్చుటకు వెనుదీయువారును కలుగుదురు.

ఇచ్చట రెండు విషయములను కలగాపులగము చేయరాదు. మొదటిది వికిరణము, రెండవది ఉప్పు. సోడా ద్రావకములో సోడియ మధికము. సోడియము నేలలో చేరినచో మన్ను బిగిసి చవుడగును. వేరునకు నీరు దిగదు. ఆకు అంచులు మాడును. కావున తోట ఎండినప్పుడు వికిరణమును మాత్రమే కొలిచి, హద్దులో నున్నదని చెప్పిన చాలదు. సోడియమును, క్షారమును కూడ కొలువవలెను. అట్లే యురేనియము నీటిలో నున్నచో వికిరణము కంటె ముందు అది విషలోహముగా మూత్రపిండములకు హాని చేయును. లీటరు త్రాగునీటిలో 60 మైక్రోగ్రాములు హద్దుగా అణుశక్తి నియంత్రణ మండలియు, 30 మైక్రోగ్రాములు హద్దుగా ప్రపంచ ఆరోగ్య సంస్థయు చెప్పినవి.

మఱియొక చిక్కు కలదు. ఆ సీమ రాతిలోనే యురేనియ మున్నది గనుక, గని లేకున్నను కొన్ని బోర్లలో అది కొంత యుండవచ్చును. అట్టి చోట గనికి ముందు నీ రెట్లుండెను, పిమ్మట నెట్లున్నది అను పోలికయే నిజమును తేల్చును. చెఱువునకు ఎగువ బోరు, దిగువ బోరు, దూరపు బోరు, మూటినీ ఏటేటా ఒకే నెలలో, ఒకే పద్ధతిని కొలిచి వ్రాసిన పట్టికకు సమానమైన సాక్షి లేడు.

ఏర్పాటు ఎట్లుండవలెను

ద్వీపపు కథనుండి మన పల్లెకు పనికివచ్చు సూత్రములు అయిదు కలవు. ఒకటి, పని చేయువాడును కొలుచువాడును వేఱు కావలెను. కొలుచువానిని మఱియొకడు తనిఖీ చేయవలెను. యురేనియం గనులయొద్ద భాభా అణుపరిశోధనా కేంద్రమువారి విభాగములు కొలతలు తీయుచుండును. ఆ లెక్కలకు విశ్వవిద్యాలయములవంటి బయటివారి లెక్కలు తోడైనచో నమ్మకము పెరుగును. రెండు, హద్దులు ముందే నిర్ణయించి ప్రకటింపవలెను. కొలిచిన పిమ్మట హద్దును జరుపరాదు. మూడు, ప్రతి మనుష్యునికిని జీవితకాలపు లెక్క యుండవలెను. ఒప్పంద కూలికి సైతము ఇది తప్పరాదు. నాలుగు, మలిన ముంచు చోటునకు పైకప్పుకంటె అడుగు ముఖ్యము. గని మూతపడిన పిమ్మటను తరతరములు దానిని కావలి కాయు బాధ్యుడు ఎవడో ఇప్పుడే నిర్ణయము కావలెను. అయిదు, కొలతలు పంచాయతీ గోడపై తెలుగులో, చదివినవారికి తెలియు మాటలలో వ్రేలాడవలెను. లెక్కను దాచినచోట పుకారు పుట్టును; పుకారునకు హద్దులు నిర్ణయించు మండలి లేదు.

ఇంటివారు చేయదగిన పనులును కొన్ని కలవు. నీటిని కాచినచో యురేనియము పోదు. నీరు ఆవిరియై తగ్గి, మిగిలినది మఱింత చిక్కనగును. ఆర్.ఓ. యంత్రము దానిని చాలవఱకు తొలగించును. కాని యంత్రము విడిచిన నీటిని పెరటిలోని కూరమడికి మరలింపరాదు. గని ప్రాంతపు రాళ్ళను, పాత యినుమును, గొట్టములను ఇంటి కట్టడమునకు తేరాదు. చెఱువు కట్టయొద్ద పశువులను మేపరాదు. గనిపని చేయువారి బట్టలను తక్కిన బట్టలతో కలుపక వేఱుగ ఉతుకవలెను. ఇల్లు చిమ్ముటకు ముందు నేల తడుపవలెను. కిటికీలు తెఱచి గాలి యాడనీయవలెను. ఏ బోరునీరు ఏ తేదీన పరీక్షకు పంపిరో, ఏ ఫలితము వచ్చెనో ప్రతి రైతును తన పట్టాదారు పుస్తకముతోపాటు భద్రపరచుకొనవలెను. నలువది యేండ్ల పిమ్మట ఆ కాగితమే మాటలాడును.

దేశమునకు విద్యుత్తు కావలెను. దానికి యురేనియము కావలెను. అది తుమ్మలపల్లె రాతిలో నున్నది. ఆ రాతిమీదనే నివసించువారి త్రాగునీరు కూడ అచ్చటనే యున్నది. ఒకదానికొఱకు రెండవదానిని వదలుకొనుడని ఎవరును వారి నడుగరాదు. అడుగ నక్కఱలేకుండ చేయుటయే కాపుదల.